పాసార్ మామ్మ

కాత్యాయనికి చిన్నప్పటినుంచీ ఒక విద్య ఉంది. ఎవరి పక్కనైనా కాసేపు కూర్చుంటే చాలు, వాళ్ళ గొంతు, నడక, మాట మధ్యలో మెడ తిప్పే తీరు ఆమెకు పట్టుబడిపోయేవి. రేపల్లె హైస్కూల్లో చదివే రోజుల్లో లెక్కల మాస్టారి దగ్గు వినపడగానే తరగతంతా లేచి నిలబడేది. తీరా దగ్గింది వెనక బెంచీలో కాత్యాయని అని తెలిసి పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. ఒకసారి మాస్టారు గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. కోప్పడలేదు. "బాగా చేశావమ్మా" అని పాఠం మొదలుపెట్టాడు. ఆ ఏడాదంతా ఆయన దగ్గు వస్తే జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళి దగ్గి వచ్చేవాడు. అది తనవల్లేనని కాత్యాయనికి అప్పట్లో తట్టలేదు.

పెళ్ళయ్యాక కొన్నాళ్ళు ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసింది. భర్త సుధాకరరావుకి సింగపూర్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం రావడంతో కొడుకు లోహిత్‌ని చంకనేసుకుని ఇక్కడికి వచ్చేసింది. పాసిర్ రిస్‌లో ఫ్లాటు. భర్త పొద్దున్నే ట్రైనెక్కితే చీకటిపడ్డాకే రావడం. లోహిత్ పెద్దవాడై, అమ్మ తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి గదిలోకి వెళ్ళిపోయే వయసుకొచ్చాడు. ఆమె గొంతులో ఉన్న ఇంతమంది మనుషులకీ వినేవాళ్ళు లేకుండాపోయారు.

ఆ వినేవాళ్ళు ఫోన్లో దొరికారు. ఒక మధ్యాహ్నం వంటగట్టు మీద బియ్యం డబ్బాకి ఫోను ఆనించి, తను సింగపూర్ వచ్చిన కొత్తలో జరిగిన సంగతి చెప్పింది. తిండి దుకాణాలన్నీ ఒక కప్పు కింద ఉండే హాకర్ సెంటర్లో ఖాళీ టేబుల్ మీద టిష్యూ పాకెట్ కనిపిస్తే, పాపం ఎవరో మర్చిపోయారనుకుని తీసుకెళ్ళి క్లీనర్ చేతికిచ్చింది. ఇక్కడ అలా పాకెట్ పెడితే ఆ టేబుల్ మాది అని గుర్తు. దాన్నే 'చోప్' చెయ్యడం అంటారు. తిండి ట్రేలు పట్టుకుని తిరిగొచ్చిన నలుగురూ తనని చూసిన చూపులు, క్లీనర్ తాత తల పట్టుకోవడం అన్నీ తనే చేసి చూపించింది. అక్కచెల్లెళ్ళ గ్రూపులో పెట్టింది. వాళ్ళు ఇంకెవరికో పంపారు. వారం తిరక్కుండా 'కాత్యాయని కబుర్లు' అని ఒక ఛానల్ తయారైంది.

చూసేవాళ్ళు మరీ ఎక్కువేమీ కాదు. కానీ కాకినాడనుంచి ఎవరో "అక్కా, మీ వీడియో చూశాకే అన్నం తింటాం" అని రాస్తే ఆ రోజంతా ఇంట్లో ఆమె అడుగు తేలిగ్గా పడేది.

వాళ్ళ కింది అంతస్తులో కుమారమ్మ ఉండేది. డెబ్భై దాటిన మనిషి. తాతల కాలంలో శ్రీకాకుళం సముద్రపు ఒడ్డునుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటలకొచ్చిన కుటుంబం. కుమారమ్మ జోహోర్ దగ్గర తోటలో పుట్టింది. ఓడరేవులో క్రేను నడిపే రామదాసుని పెళ్ళాడి సింగపూర్ వచ్చింది. ఆయన పోయాక కొడుకు విజయ్ దగ్గర ఉంటోంది. విజయ్‌ది జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. మనవరాలు కీర్తిక పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. కొడుకు బళ్ళో తమిళం చదువుకున్నాడు, మనవరాలికి నాలుగు తెలుగు ముక్కలు వచ్చినా మాట్లాడేది ఇంగ్లీషే. రామదాసుతోపాటే ఆ ఇంట్లో తెలుగు కూడా వెళ్ళిపోయింది.

కాత్యాయని వచ్చిన కొత్తలో లిఫ్టులో లోహిత్‌ని ఏదో కసురుతుంటే, పక్కన సంచి పట్టుకుని నిలబడ్డ ముసలావిడ ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"ఓలమ్మో! తెలుగా నువ్వు? ఏ ఊరు? ఎప్పుడొచ్చినావ్? మకాన్ అయినాదా?"

తిన్నావా అని అడుగుతోందని కాత్యాయనికి ఆ తరవాత తెలిసింది. కుమారమ్మ తెలుగు అంతే. శ్రీకాకుళం మాటలో తమిళం, మలాయ్ కలిసిపోయి ఉంటాయి. బజారుని పాసార్ అంటుంది. తొందరగా రమ్మనడానికి "బేగి రా, చెప్పాట్ చెప్పాట్" అని రెండు భాషలూ కలిపేస్తుంది. ఆ సంవత్సరం కాత్యాయనికి చేపలు ఎక్కడ కొనాలో చూపించింది, జ్వరమొస్తే రసం కాచి పైకి తెచ్చింది, వరండా కుండీలోంచి కరివేపాకు తుంచి ఇచ్చింది. కాత్యాయనికి ఊళ్ళో తెలిసినవాళ్ళు పెరిగేకొద్దీ కింది అంతస్తుకి దిగడం తగ్గింది. పండక్కో పబ్బానికో ఒక గిన్నెలో పులిహోర పంపేది. అంతే.

ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర, మార్కెట్లో కుమారమ్మ చేపలవాడితో ఎలా పోట్లాడిందో చేసి చూపించింది. సుధాకరరావు పొలమారేంతగా నవ్వాడు.

"ఇది వీడియో చెయ్యవే! నీ మిగతా కబుర్లన్నీ దీని ముందు బలాదూర్."

లోహిత్ కూడా నవ్వాడు. కానీ కంచం తీసుకెళ్తూ ఆగి అడిగాడు. "మా, డజ్ షీ నో?"

"పేరు పెట్టనుగా," అంది కాత్యాయని.

మర్నాడే చేసింది. ముక్కు కొసన కళ్ళజోడు, భుజం మీద తువ్వాలు, చేతిలో మార్కెట్ సంచి. పాత్ర పేరు పాసార్ మామ్మ. హాకర్ సెంటర్లో ఎంగిలి ట్రేలు మోసుకుంటూ తిరిగే రోబోని మామ్మ అడ్డగించి, "ఓలమ్మో, అలా నిలబడిపోతావేటి? చెప్పాట్ చెప్పాట్!" అని గదమాయిస్తుంది. సాయంత్రానికి ఫోను మోగుతూనే ఉంది. హైదరాబాదు, దుబాయి, ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో నవ్వుతున్న బొమ్మలు పెడుతున్నారు. "ఈ భాష ఎక్కడ దొరికింది అక్కా?" అని ఒకరు. "ఇంకా కావాలి" అని వందమంది.

ఇంకా కావాలంటే కింది అంతస్తుకి దిగాలి. కాత్యాయని దిగింది. మధ్యాహ్నాలు ఏదో ఒకటి చేత్తో పట్టుకుని వెళ్ళేది. కబుర్లు ఎలా తిప్పితే ఆ ముసలావిడ ఎక్కువ మాట్లాడుతుందో కొద్దిరోజుల్లోనే తెలిసిపోయింది. గొంతు సరిగ్గా పట్టుకోవాలని చున్నీ కింద ఫోను పెట్టి రికార్డు చేసుకునేది. మొదటిరోజు నొక్కాలా వద్దా అని గుమ్మం బయట ఆగింది. తరవాత ఆగలేదు.

కుమారమ్మ మొహం వెలిగిపోయేది. "ఈమద్దిన రోజూ వస్తన్నావ్. నీ నోటంట రెండు మాటలింటే నాకు ఆ రోజు కడుపు నిండిపోతాది," అనేది. ఆ మాట కూడా ఫోనులోకి వెళ్ళింది.

అలాంటి ఒక మధ్యాహ్నమే వాళ్ళమ్మ సంగతి చెప్పింది. విజయ్ పుట్టినప్పుడు వాళ్ళమ్మ మనవణ్ణి చూడటానికి రబ్బరు తోటనుంచి సింగపూర్ వచ్చిందట. తోటలో ఎప్పుడూ వట్టికాళ్ళే. పట్నం వెళ్తున్నానని కొత్త చెప్పులు కొనుక్కుంది. బస్సు ఎక్కబోతే లోపల నేల తళతళలాడుతోంది. ఇంత శుభ్రమైన చోట చెప్పులతో ఎలా నడుస్తామని, బస్టాపులోనే ఓ పక్కన వాటిని విడిచి, వరసగా పెట్టి మరీ ఎక్కింది. బస్సు కదిలిపోయింది.

కుమారమ్మ చెబుతూ చెబుతూ నవ్వింది. కాత్యాయనీ నవ్వింది. తరవాత కుమారమ్మ నవ్వు ఆగింది.

"దిగినాక ఎండలో తారురోడ్డు మీద నడుసుకోని ఆస్పత్రికి వచ్చినాది. వచ్చి కుర్సీలో కూకుని కాళ్ళు సీర కింద దాసీసింది. నాను సూసినాను. అరికాళ్ళు బొబ్బలెక్కిపోనాయి. సెప్పుల్లేకుండా వచ్చినానని ఎవులికీ సెప్పకే, మీ అత్తోరు నవ్వుతారు అనీసి నా సేత ఒట్టేయించుకున్నాది. మా ఆయనకీ సెప్పలేదు నాను. ఇన్నేళ్ళకి నీకే సెప్తన్నాను."

కాత్యాయని ఆమె చెయ్యి నొక్కింది. ఆ నొక్కడం అబద్ధం కాదు. కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. అయినా పైకొచ్చి ఫోను తీసి వింటున్నప్పుడు, ఎక్కడ కోస్తే నవ్వు బాగా వస్తుందో ఆమె మనసుకి వెంటనే తెలిసిపోయింది. బొబ్బల సంగతి కోసేసింది. ఒట్టూ కోసేసింది. బస్సుని ట్రైను చేసింది. పాసార్ మామ్మ పాసిర్ రిస్ స్టేషన్‌లో చెప్పులు విడిచి, వాటికి దణ్ణం పెట్టి, ట్రైనెక్కుతుంది. తలుపులు మూసుకున్నాక అద్దంలోంచి చెప్పులని చూస్తూ, "ఓలమ్మో, నా సెప్పులు! ఆపరా డ్రైవరూ, చెప్పాట్!" అని అరుస్తుంది. వెనక నవ్వుల శబ్దం కలిపింది.

అంతకు ముందు చేసినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. లక్షలమంది చూశారు. లిటిల్ ఇండియాలో కూరగాయలు ఏరుకుంటుంటే ఎవరో వెనకనుంచి "సెప్పులు జాగర్త మామ్మా!" అని అరిచారు. సుధాకరరావు ఆఫీసులో తెలుగువాళ్ళు ఆయన్ని మామ్మ మొగుడు అని పిలుస్తున్నారట. ఆయన అది చెప్పుకుని మురిసిపోయాడు. కాత్యాయనీ మురిసింది. కానీ వీడియో పెట్టిననాటినుంచి ఆమె కింది అంతస్తుకి దిగలేదు. లిఫ్టు ఆ కింది అంతస్తులో ఆగుతుందేమోనని ఒకటి రెండుసార్లు మెట్ల మీదుగా కూడా వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో తనని తాను అడగలేదు.

ఒక శనివారం పొద్దున బ్లాకు కింద ఇద్దరూ ఎదురుపడనే పడ్డారు. కుమారమ్మ మార్కెట్నుంచి వస్తోంది. సంచిలో తోటకూర కట్టలు. "ఏటమ్మా, వొంట్లో బాగునేదా? ఇటేపు రావడమే మానీసినావ్?" అని దగ్గరికొచ్చింది. కాత్యాయని ఏదో సర్దిచెప్పేలోపే పక్క బెంచీ మీద పాపకి ఇడ్లీ పెడుతున్న అమ్మాయి చటుక్కున లేచింది. పేరు శాలిని. వరంగల్ పిల్ల. కొత్తగా ఆ బ్లాకులో దిగారు.

"అయ్యో మామ్మా, మీరు సేమ్ టు సేమ్ పాసార్ మామ్మ లెక్కనే మాట్లాడ్తున్నరు! ఒక్క సెల్ఫీ తీసుకోనా? మావాళ్ళకు పంపిస్తే నమ్మరు అసలు!"

కుమారమ్మకి అర్థం కాలేదు. నవ్వుతూనే నిలబడింది. "ఏ మామ్మ?"

"ఫోన్లొస్తది గదా! చెప్పుల మామ్మ! ఈ ఆంటీయే గదా చేసేది. మీరు చూడలేదా?"

కుమారమ్మ కాత్యాయని వైపు తిరిగింది. ఆ మొహంలో అనుమానం లేదు, సంబరం ఉంది. "నువ్వు ఫోన్లో వస్తావేటి? నాకు సెప్పనేలేదు! రా, ఇంటికెల్లి సూద్దాం. ఎండగా ఉన్నాది ఇక్కడ."

లిఫ్టులో కాత్యాయని తోటకూర సంచి పట్టుకుంది. ఫోను పాడైందని చెబుదామనుకుంది. పాస్‌వర్డ్ మర్చిపోయానందామనుకుంది. చెప్పలేకపోయింది. ఆవిడ ముందు నడుస్తూ తలుపు తీసి, ఫ్యాను వేసి, సోఫాలో పక్కన చోటు తట్టి చూపించింది. చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. కీర్తికకి సెలవు. గదిలోంచి తొంగి చూసి, "హాయ్ ఆంటీ" అని అక్కడే గోడకి ఆనుకుని నిలబడింది.

కాత్యాయని రోబో వీడియో పెడదామనుకుంది. వేలు ఆ వైపే వెళ్ళింది. కానీ ఛానల్ తెరవగానే అన్నిటికంటే పైన చెప్పుల బొమ్మే ఉంది. "ఇదే ఇదే, ఆ గుంట సెప్పినాది ఇదే" అని కుమారమ్మే తాకింది.

మొదట కుమారమ్మ నవ్వింది. తువ్వాలు చూసి, "నానేనా?" అంది. కళ్ళజోడు కిందికి జారడం చూసి తనది పైకి తోసుకుని మరీ నవ్వింది. చెప్పులు విడిచే చోటుకి వచ్చేసరికి ఆ నవ్వు పెదాల మీదే ఉండిపోయింది. వీడియో అయిపోయింది.

"ఇంకోపాలి పెట్టు."

పెట్టింది. ఈసారి కుమారమ్మ నవ్వలేదు. ముందుకు వంగి, ఫోనుకి చెవి దగ్గర పెట్టి వింది. ఆ గదిలో తన సొంత గొంతు ఆ యాసలో కేకలు వేస్తుంటే, వెనకనుంచి తెచ్చి అతికించిన నవ్వులు వినిపిస్తుంటే, కాత్యాయనికి ఒళ్ళంతా కాలిపోతున్నట్టుంది.

"మా యమ్మ ఇలాగే మాటాడేది," అంది కుమారమ్మ మెల్లగా. "నాను కాదు. ఇది మా యమ్మ గొంతు. ఎంతమంది సూసినారు?"

కీర్తిక వంగి చూసి అంకె చదివింది. లక్షలంటే ఎంతో కుమారమ్మకి తెలుసు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంతమందా మా యమ్మని నవ్వినారు?"

"మామ్మా, మీ పేరు ఎక్కడా..."

"వొట్టు తప్పింది నానే కదేటి," అంది ఆవిడ. కాత్యాయనితో అన్నట్టు కూడా లేదు. "ఎవులికీ సెప్పొద్దన్నాది. నానే సెప్పినాను."

తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేది. ఏడ్చి ఉంటే తనూ ఏడ్చేది. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. కప్పు కాత్యాయని ముందు పెట్టి, ఇంగ్లీషులో అంది. "డ్రింక్, డ్రింక్. ఆఫ్టర్ యు గో హోమ్ లా. హస్బెండ్ వెయిటింగ్."

ఇన్నేళ్ళలో ఆవిడ తనతో ఇంగ్లీషు మాట్లాడటం అదే మొదలు.

కాత్యాయని పైకొచ్చి మంచం మీద పడుకుంది. సుధాకరరావు సంగతంతా విని, "పెద్దావిడ కదా, రెండ్రోజుల్లో మర్చిపోతుందిలే. నువ్వేం బూతులు తిట్టలేదుగా" అన్నాడు. లోహిత్ మాత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తినేసి వెళ్ళిపోయాడు. ఆ మౌనానికే ఆమె ఎక్కువ కుంచించుకుపోయింది.

కిందికి వెళ్ళి ఆ తలుపు కొట్టే ధైర్యం రాలేదు. ధైర్యం లేనప్పుడు ఆమెకు తెలిసిన పని ఒకటే. బియ్యం డబ్బాకి ఫోను ఆనించింది. తల దువ్వుకోకుండా, బొట్టు కూడా సరిచేసుకోకుండా కూర్చుని మాట్లాడింది. మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ నమ్మి చెప్పుకున్న మాటని నవ్వులాట చేశానని, ఆవిడ తల్లిని లోకం ముందు పెట్టానని చెబుతూ ఏడ్చింది. అది నిజమైన ఏడుపే. ఏడుపయ్యాక వీడియో ఒకసారి చూసుకుంది. మొదట్లో తడబడ్డ రెండు వాక్యాలు కోసేసి పెట్టింది.

అది చెప్పుల వీడియోని కూడా దాటిపోయింది. "తప్పు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి అక్కా" అన్నారు. "మీది బంగారం లాంటి మనసు" అన్నారు. కాత్యాయని ఒక్కొక్కటే చదువుకుంది. చదివేకొద్దీ గుండె మీద బరువు దిగుతున్నట్టనిపించింది. ఆ సాయంత్రం ఆకలేసింది కూడా. తరవాత్తరవాత ఈ మొత్తం సంగతిలో దేనికి ఎక్కువ సిగ్గుపడ్డావని ఎవరైనా అడిగి ఉంటే ఆమె చెప్పుల వీడియో అని చెప్పేది కాదు. ఆ సాయంత్రం తేలికపడిన తన మనసుని చెప్పేది.

రెండ్రోజులకి తలుపు చప్పుడైంది. కీర్తిక. క్లినిక్ యూనిఫాంలోనే ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆంటీ, పీపుల్ కింద వెయిట్ చేస్తున్నారు. మామ్మని చూసి, రియల్ పాసార్ మామ్మ, సే సంథింగ్ అని వీడియో తీస్తున్నారు. షీ ఈజ్ నాట్ గోయింగ్ టు మార్కెట్ ఎనీమోర్." ఆ పిల్ల తెలుగు వెతుక్కుంటోంది. దొరకనిచోట ఇంగ్లీషు. "యు సెడ్ సారీ టు ద హోల్ వరల్డ్, ఆంటీ. మామ్మకి చెప్పలేదు. వై?"

పిల్ల ఇంకా చిన్నగా అంది. "మామ్మ నౌ టాక్స్ టు మీ ఓన్లీ ఇన్ ఇంగ్లిష్. దేవుడి దగ్గర కూడా ప్రేయర్ సౌండ్ లేదు. బిఫోర్, ఎవ్రీ మార్నింగ్ తాత ఫోటోతో తెలుగు మాట్లాడేది. అది కూడా స్టాప్."

కీర్తిక వెళ్ళిపోయాక కాత్యాయని ఫోను తీసి ఛానల్ మొత్తం తీసేసింది. చెప్పుల వీడియో, రోబో వీడియో, ఏడ్చిన వీడియో, టిష్యూ పాకెట్ కథ, అన్నీ. ఒక నిమిషంలో అయిపోయే పని, ఇన్నాళ్ళూ చెయ్యలేదు. చేసినా ఏం లాభం, చెప్పుల ముక్క అప్పటికే ఎవరెవరి చేతుల్లోకో వెళ్ళిపోయింది. ఎవరో దానికి పాట అతికించారు. ఎవరో పిల్లలచేత చేయించారు. కాత్యాయని పేరు కూడా లేకుండా అది దాని దారిన అది తిరుగుతోంది.

అప్పుడు మెట్లు దిగి కిందికి వెళ్ళింది.

కుమారమ్మే తలుపు తీసింది. "కమ్, కమ్. యు ఈట్ ఆల్రెడీ?" అంది.

ఆవిడ కుర్చీలో కూర్చున్నాక కాత్యాయని కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు పట్టుకోబోయింది. ఆవిడ పాదాలు కుర్చీ కిందికి లాక్కుంది.

"మామ్మా, తప్పయిపోయింది. మీరు చెబుతున్నప్పుడు నేను... నా చున్నీ కింద ఫోను ఉంది. అన్నీ రికార్డు చేశాను. ఆ రోజే కాదు, చాలా రోజులు. మీరు నా కోసం ఎదురుచూస్తుంటే నేను మీ గొంతు కోసం వచ్చాను."

చున్నీ కింద ఫోను సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. లోకం ముందు ఏడ్చినప్పుడు కూడా చెప్పలేదు. ఆ మాట వినగానే కుమారమ్మ మొహంలో ఏదో మూసుకుపోవడం కాత్యాయని కళ్ళారా చూసింది. చెప్పకుండా ఉంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది.

"అవన్నీ నా దగ్గరే ఉన్నాయి మామ్మా," అంది తొందరగా. "ఎవరికీ ఇవ్వలేదు. మీ గొంతు, మీ ఊరి సంగతులు. కీర్తిక కోసం దాచి ఇస్తాను. రేపు తనకి..."

"డిలీట్," అంది కుమారమ్మ.

"మామ్మా, ఒక్కసారి ఆలోచించండి. మళ్ళీ..."

"ఐ సే డిలీట్. నౌ. ఇన్ ఫ్రంట్ మీ."

కాత్యాయని ఫోను తీసి ఒక్కొక్కటే చెరిపింది. కళ్ళలో నీళ్ళకి తెర మసకగా ఉండి ఒకచోట వేలు తప్పింది. ఫోను గట్టిగా మాట్లాడింది. "నీ నోటంట రెండు మాటలింటే నాకు ఆ రోజు..." కాత్యాయని గాభరాగా నొక్కేసింది. కుమారమ్మ కిటికీ వైపు చూస్తోంది. కింద పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. అన్నీ చెరిపేశాక చూపించబోతే, ఆవిడ చూడకుండానే తలూపింది.

ఆ రోజు క్షమించానని కుమారమ్మ అనలేదు. ఆ తరవాతా అనలేదు. కాత్యాయని అడగనూ లేదు. కానీ మర్నాడు పొద్దున మార్కెట్ వేళకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. "నేనూ వస్తాను మామ్మా. ఎవరైనా వీడియో తియ్యబోతే నేను మాట్లాడతాను," అంది. కుమారమ్మ ఆమెని కిందినుంచి పైదాకా చూసి, సంచి చేతికిచ్చింది.

మొదటి రోజుల్లో నిజంగానే ఒకరిద్దరు వచ్చారు. కాత్యాయని వాళ్ళకి అడ్డం వెళ్ళి, "అది చేసింది నేను. తియ్యాలంటే నన్ను తియ్యండి. ఆవిణ్ణి వదిలెయ్యండి" అని చెప్పింది. తియ్యమంటే ఎవరూ తియ్యలేదు. వాళ్ళకి కావలసింది ఈమె కాదు. మెల్లగా జనం ఇంకో నవ్వు వెతుక్కుని వెళ్ళిపోయారు. శాలిని ఒకరోజు దగ్గరికొచ్చి, "నావల్లనే గదా ఆంటీ ఇదంతా" అని తలొంచుకుంది. "నీవల్ల కాదమ్మా" అంది కాత్యాయని.

నెలలు గడిచాయి. ఇద్దరూ వారానికి కొన్నిసార్లు కలిసి మార్కెట్‌కి వెళ్తున్నారు. కుమారమ్మ ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. "దిస్ ఫిష్ ఫ్రెష్." "దట్ వన్ నో గుడ్." కాత్యాయని తెలుగులో జవాబిస్తుంది, ఎక్కువ మాట్లాడకుండా, ఆవిడ మాటని గుచ్చి గుచ్చి అడగకుండా. ఇంతకు ముందు ఎవరి మాట విన్నా ఆమె గొంతులో ఆ మాట తిరిగేది. ఇప్పుడు అలా తిరగబోతే పెదవులు బిగబట్టుకుంటుంది. భోజనాల దగ్గర భర్త ఎవరినో చేసి చూపించమని అడిగితే, "నాకు రావడం లేదండీ" అంది. అబద్ధమే. వచ్చే విద్య ఎక్కడికి పోతుంది? కానీ ఆయన మళ్ళీ అడగలేదు.

వానాకాలంలో ఒక పొద్దున మార్కెట్ నేలంతా తడిసి ఉంది. చేపల వరసలో మంచు కరిగి నీళ్ళు కారుతున్నాయి. కాత్యాయని రెండు చేతుల్లో సంచులతో ముందు నడుస్తోంది. వెనకనుంచి కేక వినబడింది.

"ఒసే, జారతాదే! అటు ఎల్లకు, ఇటేపు రా!"

కాత్యాయని ఆగిపోయింది. కాలి ముందు నిజంగానే చేప పొలుసులతో నేల మెరుస్తోంది. వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూడాలనిపించింది. చూడలేదు. చూస్తే ఆవిడ నోరు మళ్ళీ మూసుకుంటుందేమోనని భయం. ఇంకో భయం కూడా ఉంది. అంత కంగారులో వినబడిన ఆ మాటకి తన మనసు ఎంత ఆబగా చెవి ఒగ్గిందో ఆమెకు తెలుసు. ఒక్కసారి వినగానే ఆ 'ఒసే'లో ఉన్న సాగుడు, చివర తెగిన ఊపిరి, అన్నీ లోపల పడిపోయాయి. ఆ విద్యకి సిగ్గూ లజ్జా తెలియదు.

"ఆఁ, వస్తున్నా మామ్మా," అంది, మామూలుగా, నేల వైపే చూస్తూ. పక్కకి తప్పుకుని పొడి గచ్చు మీద నిలబడింది.

కుమారమ్మ వచ్చి ఆమె చేతిలోంచి ఒక సంచి తీసుకుంది.

"టూ మచ్ యు క్యారీ," అంది. "కమ్. వెజిటబుల్ స్టిల్ నాట్ బై."

ఇద్దరూ కూరగాయల వైపు నడిచారు. పక్కపక్కనే, మెల్లగా, తడి లేని చోటు చూసుకుంటూ.